పాల గరిటె కోడి పులుసులో పెట్టాను: యూదుల ఇళ్లలో ఈ నియమాలు ఎక్కడివి?

నీలి_గరిటె
ఇజ్రాయెల్‌లోని బ్నేబ్రాక్‌లో ఒక యూదు పెద్దావిడను చూసుకునే పనిలో ఎనిమిది నెలలుగా ఉన్నాను. మాది జగిత్యాల వైపు. ఆవిడకు ఎనభై తొమ్మిదేళ్లు, హంగరీ నుంచి వచ్చిన కుటుంబం. సవ్తా అని పిలుస్తాను, అంటే అమ్మమ్మ. వంటింట్లో రెండు సింకులు, రెండు స్పాంజీలు, రెండు సొరుగులు. ఎర్ర టేపు చుట్టినవి మాంసానికి, నీలి టేపువి పాలకు. మొదటి వారమే నేర్పారు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

మొన్న శుక్రవారం పొద్దుగూకితే వాళ్ల విశ్రాంతి దినం మొదలు, ఆ లోపల వంట ముగించాలన్న తొందరలో, పొయ్యి మీద మరుగుతున్న కోడి పులుసును నీలి గరిటెతో తిప్పేశాను. సవ్తా చూశారు. అరవలేదు. పొయ్యి ఆపించి, కుర్చీలో కూర్చుని రబ్బీకి, అంటే వాళ్ల మతగురువుకు, ఫోను చేశారు. ఆయన నన్నే మాట్లాడమన్నారట. ఆ గరిటె వేడి పాలలో చివరిసారి ఎప్పుడు పెట్టావు? స్టీలుదా, కొయ్యదా? కుండలో పులుసు ఎంత ఉంది? పోలీసు స్టేషన్‌లో నిలబడినట్టు జవాబులు చెప్పాను. మంగళవారం నుంచి వాడలేదు అన్నాక ఆయన గొంతు తేలికపడింది. పులుసు తినవచ్చు, కుండకు దోషం లేదు, గరిటెను మాత్రం పక్కన పెట్టి ఒక రోజు గడిచాక మరిగే నీళ్లలో ముంచి తీయండి అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. ఇల్లంతా మైలపరిచినదానిలా నిలబడ్డాను. "తప్పు పట్టింది గరిటెకు, నీకు కాదు" అన్నారు సవ్తా. అయినా మనసు ఊరుకోవడం లేదు. ఒక గరిటె గురించి ఇంత విచారణ ఎందుకు? ఎవరు పెట్టారు ఇవన్నీ? తెలిసినవాళ్లు చెప్పండి. వాళ్ల మతం అంతే అని మాత్రం అనకండి.

ప్రశ్నార్థకం
ఆ కాలపు ఆరోగ్య సూత్రం అయి ఉంటుంది. ఎండ దేశం, మాంసమూ పాలూ త్వరగా చెడిపోతాయి. తర్వాతి వాళ్లు దానికి దైవాజ్ఞ అని పేరు పెట్టారు.

వంటింటి_వసంత
పాలు విడిగా ఉన్నా చెడిపోతాయి, మాంసం విడిగా ఉన్నా చెడిపోతుంది. కలిపితేనే తప్పు అన్నారంటే కారణం వేరే ఉండాలి కదండీ.

పాతపుస్తకాల_అంగడి
అమ్మా, మీ ప్రశ్నకు మొదలు ఒకే ఒక్క వాక్యం. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడికించవద్దు. తోరాలో, అంటే బైబిలు మొదటి ఐదు పుస్తకాల్లో, ఇది మూడు చోట్ల వస్తుంది: నిర్గమకాండం 23వ అధ్యాయంలో, 34వ అధ్యాయంలో, ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయంలో. దేవుడి మాటలో ఒక్క అక్షరం కూడా వృథాగా ఉండదని నమ్మేవాళ్లకు ఒకే వాక్యం మూడుసార్లు ఎందుకు వచ్చిందన్నది పెద్ద ప్రశ్న. రబ్బీ ఇష్మాయేలు శిష్యుల జవాబు ఇది: ఒకటి తినవద్దని, ఒకటి వండవద్దని, ఒకటి దానివల్ల ఏ లాభమూ పొందవద్దని. అంటే అమ్ముకోవడం కూడా కుదరదు.

రెండో మెట్టు మిష్నా. క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా హనాసి కూర్చిన ధర్మసంపుటి. దాని మీద బాబిలోనియా పాఠశాలల్లో కొన్ని తరాలపాటు నడిచిన చర్చ గెమారా. రెండూ కలిస్తే తల్ముద్. మీ గరిటె సంగతి అందులో హుల్లిన్ అనే భాగం ఎనిమిదో అధ్యాయంలో ఉంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కోడికి పాలు ఉండవు, కాబట్టి "తల్లి పాలు" అన్న మాట దానికి వర్తించదు. గలిలయకు చెందిన రబ్బీ యోసె ఈ మాటే వాదించాడు. ఆయన ఊళ్లో కోడి మాంసం పాలతో తినేవాళ్లని తల్ముదే చెబుతుంది. మిగతా పండితులు ఒప్పుకోలేదు. మనుషులు కోడినీ మాంసమనే అంటారు, ఇవాళ కోడికి సరే అంటే రేపు మేకకూ సరే అంటారు, కాబట్టి కంచె వేయాలి అన్నారు. మీ కోడి పులుసు ఆ కంచె దగ్గర చిక్కుకుంది.

తంగేడు_పువ్వు
ఓడిపోయిన వాదన కూడా, ఆ ఊరి వాళ్ల అలవాటుతో సహా, పుస్తకంలో ఉంచారా?

పాతపుస్తకాల_అంగడి
ఉంచారు. తల్ముద్ నిండా అవే. ఎవరు గెలిచారో అన్నదాని కంటే ఎవరు ఏమని వాదించారో అన్నదానికే అక్కడ ఎక్కువ చోటు. కొన్ని చర్చలు తేలకుండానే ముగుస్తాయి.

హైఫా_మెట్లు
నీలి గరిటె చెల్లీ, ఏడవకు. నేను ఈ దేశానికి వచ్చి పదకొండేళ్లు. నేను చేసిన మొదటి తప్పు ఇంతకంటే పెద్దది, పెరుగు డబ్బాను మాంసం పళ్లెంలో బోర్లించాను. అక్కడ రబ్బీ అడిగిన మొదటి ప్రశ్న "వేడిగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా". రెండూ చల్లవే అన్నాను. చల్లనీళ్లతో కడిగేయమన్నారు, అంతే. పాత్ర రుచి పీల్చుకోవాలంటే వేడి కావాలి. ఈ ఒక్క మాట తెలిస్తే సగం వంటిల్లు అర్థమైనట్టే.

వంటింటి_వసంత
మరి మంగళవారం, శుక్రవారం లెక్క ఏమిటి?

పాతపుస్తకాల_అంగడి
పాత్ర పీల్చుకున్న రుచి ఇరవై నాలుగు గంటలు దాటితే చెడిన రుచి కింద లెక్క. చెడిన రుచి ఎదుటి వంటకాన్ని నిషిద్ధం చేయదు. అందుకే మంగళవారం అనగానే రబ్బీ గొంతు మారింది. శుక్రవారం పొద్దున అదే గరిటెతో వేడి పాలు కలిపి ఉంటే రెండో లెక్కకు వెళ్లేవారు. గరిటె మునిగిన మేరకు అరవై రెట్ల పులుసు కుండలో ఉందా అన్నది ఆ లెక్క. కుండలో ఎంత ఉంది అని అడిగింది అందుకే. పాల చుక్క మాంసంలో పడినా కొలత ఇదే, అరవై రెట్లు.

గరిటె దేనితో చేసిందని అడిగినదానికీ అర్థం ఉంది. లోహం పీల్చుకున్నదాన్ని మరిగే నీళ్లలో వదిలేస్తుందని, మట్టిపాత్ర ఎప్పటికీ వదలదని లెక్క. లేవీయకాండం ఆరో అధ్యాయంలోనే ఉంది: పాపపరిహారబలి మాంసం వండిన మట్టికుండను పగలగొట్టాలి, ఇత్తడి పాత్రనైతే తోమి కడగాలి.

లెక్కల_మాస్టారు
మా నాయనమ్మ మైల పట్టిన మట్టికుండను పెరట్లో బద్దలుకొట్టి, రాగి బిందెను చింతపండుతో తోమి మళ్లీ వాడేది. కారణం అడిగితే "మట్టి మరిచిపోదురా" అనేది. ఇది చదువుతుంటే ఆవిడ గొంతు వినిపించింది.

ప్రశ్నార్థకం
మాస్టారూ, మన మడి ఆచారం పక్కింటి మనిషిని కూడా అంటరానివాణ్ని చేసింది. దాన్ని ఇంత ప్రేమగా తలుచుకోవడం నాకు ఇష్టం లేదు.

లెక్కల_మాస్టారు
నిజమే. నేను తలుచుకున్నది కుండను, ఆ వివక్షను కాదు. మీరు అన్నది మాత్రం మరవకూడని మాట.

హైఫా_మెట్లు
ఇక్కడ ఆ తేడా ఉంది. నేను వండితే తినరా అని మొదట్లో భయపడ్డాను. నేను ముట్టుకుంటే ఏ పాత్రకూ ఏమీ కాదు. ఒక్క నియమం ఉంది, యూదు కాని మనిషి ఒక్కరే మొదలు నుంచి చివరి దాకా వండకూడదు. మా ఇంటి ఆవిడ వచ్చి పొయ్యి వెలిగించి వెళ్తుంది, మిగతాదంతా నాదే. మనసుకు కొంచెం గుచ్చుకునే నియమమే, లేదనను. కాని ఆ వంట నాతో పాటు ఒకే బల్ల మీద కూర్చుని తింటారు.

ఆమ్‌స్టర్‌డామ్_వాన
మాంసం తిన్నాక పాలకు ఎంతసేపు ఆగాలి? మా ఆఫీసులో ఒక యూదు మిత్రుడు భోజనమైన గంటకే కాఫీలో పాలు పోసుకుంటాడు. న్యూయార్క్ నుంచి వచ్చిన ఇంకొకాయన ఆరు గంటలు ఆగుతాడు. ఇద్దరూ నిష్ఠ ఉన్నవాళ్లే.

పాతపుస్తకాల_అంగడి
ఇద్దరిదీ సరైనదే. డచ్ యూదులకు ఒక గంట, జర్మనీ వాళ్లకు మూడు గంటలు, తక్కిన చాలామందికి ఆరు. అన్నిటికీ మూలం మర్ ఉక్వా అనే పండితుడి మాట. ఆయన ఇలా చెప్పుకున్నాడు: ఈ విషయంలో మా నాన్న ద్రాక్షసారాయమైతే నేను పులిసిన కాడిని. ఇవాళ మాంసం తింటే మా నాన్న రేపు ఇదే వేళ దాకా జున్ను ముట్టేవాడు కాదు, నేనైతే ఈ పూట ముట్టను, వచ్చే పూట తింటాను. పూటకూ పూటకూ మధ్య ఎంత కాలం అన్నదాని మీద ఒక్కో దేశం ఒక్కో లెక్క పట్టుకుంది.

కారణం మీదా ఇద్దరు మహానుభావులు ఏకీభవించరు. ఫ్రాన్సులో ట్రోయ్ పట్టణానికి చెందిన రాషి, 1040 నుంచి 1105 వరకు జీవించినవాడు, మాంసం కొవ్వు నోట్లో అంటుకుని రుచి చాలాసేపు ఉంటుంది కాబట్టి అన్నాడు. ఈజిప్టులో స్థిరపడి 1204లో మరణించిన మైమోనిడీస్, వాళ్లు రంబం అంటారు, పళ్ల సందున మాంసం ఇరుక్కుంటుంది కాబట్టి అన్నాడు.

వంటింటి_వసంత
రెండింటికీ ఆచరణలో తేడా ఏముంటుంది?

పాతపుస్తకాల_అంగడి
చాలా ఉంటుంది. పసిబిడ్డ కోసం తల్లి మాంసం నమిలి, మింగకుండా బిడ్డకు పెట్టింది అనుకోండి. రాషి కారణం ప్రకారం ఆమె ఆగనక్కరలేదు, కొవ్వు గొంతు దిగలేదు. రంబం కారణం ప్రకారం ఆగాలి, పళ్ల సందున ఉండవచ్చు. అదే ఆరు గంటలు గడిచాక పళ్ల మధ్య ముక్క దొరికితే రంబం ప్రకారం అది మాంసం కింద లెక్కే కాదు, రాషి ప్రకారం తీసేయాలి. తర్వాతి వాళ్లు ఇద్దరి జాగ్రత్తనూ పాటించండి అన్నారు.

ప్రశ్నార్థకం గారు ఆరోగ్యం అన్నారు కదా, దానికీ పెద్ద అండ ఉంది. రంబం స్వయంగా వైద్యుడు, సుల్తాను సలాదిన్ ఆస్థానంతో సంబంధం ఉన్నవాడు. పాలూ మాంసమూ కలిస్తే బరువైన తిండి అని ఆయనే రాశాడు. విగ్రహారాధకుల పండుగల్లో అలా తినేవారేమో, అందుకే నిషేధించారేమో అని కూడా ఊహించాడు. ఆ వాదన ఆయన తత్వగ్రంథంలో ఉంది, ధర్మగ్రంథంలో లేదు. ఆయన కారణాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా ఆయన చెప్పిన గంటలు ఆగుతారు.

ప్రశ్నార్థకం
అండ దొరికినందుకు సంతోషం. కాని నా అసలు అభ్యంతరం వేరు. శనివారం వాళ్లు కరెంటు మీట నొక్కరు. పక్కన ఉన్న మన పిల్లలతో "ఈ గది చల్లగా ఉందే" అంటారట, వీళ్లు అర్థం చేసుకుని హీటర్ వేయాలట. నేరుగా అడగకుండా సూచించడం దేవుణ్ని మోసం చేయడం కాదా? నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. తాను చేయకూడని పని పేదింటి పిల్లతో చేయించుకోవడమే కదా.

హైఫా_మెట్లు
చలి విషయంలో మీరు విన్నది పూర్తిగా నిజం కాదు. నేరుగానే అడుగుతారు. "చలికి అందరూ రోగులే" అని వాళ్ల శాస్త్రంలో ఒక మాట ఉంది. ముసలివాళ్ల గది వెచ్చగా లేకపోతే నన్ను హీటర్ వేయమని చెప్పడానికి వాళ్లకు ఏ సంకోచమూ ఉండదు. దీపం లాంటి వాటికి మాత్రం సూచనలు, ముందే పెట్టిన టైమర్లు ఉంటాయి.

ఇక రెండో మాట. నా సంగతి చెబుతాను, మీరే తీర్పు చెప్పండి. రెండేళ్ల కిందట ఒక శనివారం తెల్లవారుజామున మా సబాకు, అంటే నేను చూసుకునే తాతగారికి, ఊపిరి ఆడలేదు. నేను ఫోను అందుకుంటుంటే, రాత్రి అక్కడే పడుకున్న ఆయన మనవడు పరుగున వచ్చాడు. యెషివా అనే మత పాఠశాలలో చదివే కుర్రవాడు, నడుము దగ్గర తెల్ల కుచ్చులు వేలాడుతున్నాయి. నా చేతిలోంచి ఫోను లాక్కుని తానే అంబులెన్సుకు నంబరు నొక్కాడు. నా జన్మలో అతను శనివారం ఫోను ముట్టడం చూడలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక అడిగాను, నేను చేసేదాన్ని కదా అని. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఈ పని వేరే వాళ్లకు వదలకూడదు, పెద్దలే ముందు చేయాలి అని రంబం రాశాడు అన్నాడు. వేళ్లు ఇంకా వణుకుతున్నాయి.

పాతపుస్తకాల_అంగడి
తల్ముద్‌లో యోమా అనే భాగంలో దీనికి మూలం ఉంది. ఆజ్ఞల వల్ల మనిషి జీవించాలి, చనిపోకూడదు అని ఒకరి వాదన. ఇతను ముందు ముందు ఎన్నో విశ్రాంతి దినాలు పాటించగలగాలి కాబట్టి ఇవాళ ఒకటి మీరండి అని ఇంకొకరి వాదన. ప్రాణం ముందు నిలిచేవి మూడే మూడు: విగ్రహారాధన, వ్యభిచారం, హత్య. తక్కినవన్నీ పక్కకు జరుగుతాయి.

ప్రశ్నార్థకం
ఆ కుర్రవాడి సంగతి నన్ను కదిలించింది. సూచనల మీద నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

తంగేడు_పువ్వు
అలాగే ఉంచుకోండి. వాళ్ల పుస్తకంలో అయితే మీ అభ్యంతరానికీ ఒక పేజీ దొరికేది.

కృష్ణ_ఒడ్డు
నాకొక సందేహం. గంటల లెక్క, అరవై రెట్లు, ఇవన్నీ మనుషులు వాదించి తేల్చినవే కదా. దేవుడి అభిప్రాయం ఏమిటో వాళ్లు అడగరా?

పాతపుస్తకాల_అంగడి
అడిగారు, దేవుడే ఓడిపోయాడు. తల్ముద్‌లో బావా మెత్సియా అనే భాగంలో ఉంది ఈ కథ. ముక్కలు ముక్కలుగా కోసి మధ్యలో ఇసుక వేసి పేర్చిన ఒక పొయ్యికి మైల అంటుతుందా లేదా అన్నది వివాదం. రబ్బీ ఎలీయెజెర్ ఒక్కడే అంటదు అన్నాడు. నా మాట నిజమైతే ఈ కారబ్ చెట్టు సాక్ష్యం చెబుతుంది అన్నాడు, చెట్టు వంద మూరలు జరిగింది. చెట్టు సాక్ష్యం చెల్లదన్నారు. కాలువ వెనక్కి పారింది, అదీ చెల్లదన్నారు. పాఠశాల గోడలు వంగాయి. రబ్బీ యెహోషువ గోడలను గద్దించాడు, పండితులు వాదించుకుంటుంటే మధ్యలో మీకేమిటి అని. పడిపోవడం ఆపి, యెహోషువ గౌరవం కోసం కూలకుండా, ఎలీయెజెర్ గౌరవం కోసం నిటారు కాకుండా, గోడలు అలా వంగే ఉండిపోయాయి. చివరికి ఎలీయెజెర్ చెప్పిందే ధర్మం అని ఆకాశవాణి పలికింది. యెహోషువ లేచి నిలబడి "అది ఆకాశంలో లేదు" అన్నాడు. ధర్మం సీనాయి కొండ మీదే మనుషులకు ఇచ్చేశావు, ఇక మెజారిటీ తీర్పే మాకు ప్రమాణం అని దానికి అర్థం తర్వాత రబ్బీ యిర్మెయా చెప్పాడు. ఆ వేళ దేవుడు నవ్వి "నా పిల్లలు నన్ను గెలిచారు" అన్నాడట.

కృష్ణ_ఒడ్డు
వంగిన గోడల దగ్గర ఆగిపోయాను. రెండుసార్లు చదివాను.

తంగేడు_పువ్వు
ఆ కథను నవ్వుతోనే ఆపేస్తారు అందరూ. తర్వాతి భాగం నాకు ఇంకా ముఖ్యం. గెలిచినవాళ్లు ఎలీయెజెర్‌ను వెలివేశారు. ఆ కబురు ఎవరు చెప్పాలి? వేరే ఎవరైనా మొరటుగా చెబితే లోకం నాశనమవుతుందని అకీవా తానే వెళ్లాడు. నల్ల బట్టలు కట్టుకుని నాలుగు మూరల దూరంలో కూర్చున్నాడు. ఏమిటి ఇవాళ విశేషం అని అడిగాడు ఎలీయెజెర్. "గురువుగారూ, మీ సహచరులు మీకు దూరమవుతున్నట్టు నాకు అనిపిస్తోంది" అన్నాడు అకీవా. ముసలాయన బట్టలు చింపుకుని, చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని కన్నీరు పెట్టుకున్నాడు. ఆ ఏడు ఆలివ్ పంటలో మూడో వంతు, గోధుమలో మూడో వంతు, బార్లీలో మూడో వంతు పోయాయని రాసుకున్నారు.

మెజారిటీ గెలవడం ఎంత గొప్పదో చెప్పిన పేజీలోనే, ఓడినవాణ్ని అవమానిస్తే ఎంత నష్టమో కూడా చెప్పారు. ఆ అధ్యాయంలో అక్కడ నడుస్తున్న విషయమే మాటలతో నొప్పించడం.

నీలి_గరిటె
"మీకు దూరమవుతున్నట్టు అనిపిస్తోంది" అన్న మాట చదివి సవ్తా గుర్తుకొచ్చారు. తప్పు పట్టింది గరిటెకు అన్నారు కదా. అలా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నారో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆమ్‌స్టర్‌డామ్_వాన
హిల్లెల్, షమ్మాయి అనే ఇద్దరు పండితుల పేర్లు కూడా విన్నాను. ఎప్పుడూ గొడవే అంటారు.

పాతపుస్తకాల_అంగడి
హనుక్కా పండుగ దీపాల మీద కూడా గొడవే. మొదటి రోజు ఎనిమిది వెలిగించి రోజుకొకటి తగ్గించాలి అంది షమ్మాయి శిష్యవర్గం. ఒకటితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి అంది హిల్లెల్ వర్గం. పవిత్రత పెరగాలి గాని తరగకూడదన్నది వీళ్ల వాదన. ఇప్పుడు అందరూ హిల్లెల్ లెక్కే. ఇద్దరివీ సజీవుడైన దేవుడి మాటలే అని ఆకాశవాణి చెప్పిందనీ, తీర్పు మాత్రం హిల్లెల్ వర్గానికి దక్కిందనీ తల్ముద్ అంటుంది. కారణం తెలివి కాదు. వాళ్లు సౌమ్యులు, తమ వాదనకంటే ముందు ఎదుటివాళ్ల వాదనను చెప్పేవాళ్లు.

వంటింటి_వసంత
ఈ వేదికలో చేరేవాళ్లందరికీ మొదటి నియమంగా దాన్నే పెట్టాలి. రాజకీయాల విభాగంలో రెండుసార్లు పెట్టాలి.

నల్లగొండ_టీచరమ్మ
ఇంతసేపూ మగవాళ్ల పేర్లే విన్నాను. ఆడవాళ్లు లేరా?

తంగేడు_పువ్వు
తల్ముద్‌లోనే బెరూరియా ఉంది. తనను వేధించే దుండగులు చావాలని ఆమె భర్త రబ్బీ మెయిర్ ప్రార్థిస్తుంటే, పాపులు కాదు పాపాలు అంతం కావాలి అని కీర్తన చూపించి సరిదిద్దింది. మన కాలానికి వస్తే నెహామా లైబోవిట్స్, 1905 నుంచి 1997 వరకు. 1942 నుంచి వారం వారం తోరా మీద ప్రశ్నపత్రాలు తయారుచేసి పంపేది. జవాబు రాసి పంపినవాళ్లందరివీ తానే ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపేది. అన్ని గౌరవాలు వచ్చినా ఆమె సమాధి మీద ఒక్క బిరుదే ఉంది, ఉపాధ్యాయురాలు అని.

నల్లగొండ_టీచరమ్మ
ముప్పై ఏళ్లు ఎర్ర సిరా పట్టిన చేతితో ఆమెకు నమస్కారం పెడుతున్నాను.

పాతపుస్తకాల_అంగడి
టీచరమ్మ గారూ, మీకు రాషి కూడా నచ్చుతాడు. తల్ముద్ అచ్చు పేజీలో మూలం మధ్యలో ఉంటే, ఒక పక్క రాషి వ్యాఖ్య, రెండో పక్క ఆయన మనవల తరం నుంచి వచ్చిన తోసఫోత్ వ్యాఖ్యలు. తాతకు మనవలు అడుగడుగునా ఎదురు చెబుతారు, అదే పేజీలో. కష్టమైన మాట వస్తే రాషి తన ఊరి ఫ్రెంచి మాటను హీబ్రూ అక్షరాలతో రాసి చెబుతాడు. తెలియని చోట "నాకు తెలియదు" అని రాస్తాడు. ఆదికాండం 28వ అధ్యాయంలో రిబ్కా గురించి "యాకోబు ఏశావుల తల్లి" అని ఉంటుంది. మనకు ముందే తెలిసిన ఈ సంగతి మళ్లీ ఎందుకు చెప్పారో నాకు తెలియదు అన్నాడు. ఊరుకుంటే ఎవరూ అడిగేవారు కాదు. అయినా రాశాడు.

థానే_రైలు
భారతదేశం సంగతి ఎవరూ ఎత్తలేదు. థానేలో మా పక్కింటివాళ్లు బెనె ఇజ్రాయెల్ యూదులు, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు. కొంకణ తీరంలో వాళ్ల పూర్వికులు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం గానుగ కట్టేవారు కాదు కాబట్టి ఊరివాళ్లు "శనివార్ తేలీ" అని పిలిచేవారు. శుభకార్యమైతే మలీదా చేస్తారు. తడిపిన అటుకుల్లో కొబ్బరీ చక్కెరా కలిపి, చుట్టూ పళ్లు పేర్చి, ఏలీయా ప్రవక్తను తలుచుకుంటారు. మా ఇంటికి వచ్చే పళ్లెంలో పైన ఎప్పుడూ ఒక ఖర్జూరం ఉండేది. వాళ్లు పక్కా యూదులేనా అని ఇజ్రాయెల్‌లో కొందరు రబ్బీలు పెళ్లిళ్ల దగ్గర అడ్డు చెప్పారు. పెద్ద పోరాటం చేశాక 1964లో అక్కడి ప్రభుత్వం అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది.

కృష్ణ_ఒడ్డు
మన గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం సమాజం ఉంది. తెలుగువాళ్లే, శనివారం ప్రార్థన, హీబ్రూ పాటలు. ఇజ్రాయెల్ రబ్బీల గుర్తింపు ఇంకా రాలేదు. కోర్టులో గెలవని కేసు లాంటిది వాళ్లది, రోజూ బతుకుతూనే వాదిస్తున్నారు.

వంటింటి_వసంత
పస్కా పండుగకు వాళ్లు అన్నం తినవచ్చా? పులిసిన పిండి నిషేధం అని విన్నాను. తెలుగువాళ్లకు ఎనిమిది రోజులు అన్నం లేకపోతే ఎలా?

థానే_రైలు
మా పక్కింటివాళ్లు తింటారు. స్పెయిన్, తూర్పు దేశాల సంప్రదాయం వాళ్లకు బియ్యం సరే, మూడుసార్లు ఏరి చూసుకోవాలి, మధ్యలో ఒక్క గోధుమ గింజ కూడా ఉండకూడదు. ఐరోపా అష్కెనాజీలకు బియ్యం, పప్పులు కూడా కూడదు.

పాతపుస్తకాల_అంగడి
అందుకే ఒకే పుస్తకంలో రెండు గొంతులు. ఇప్పటి ఇజ్రాయెల్‌లోని సఫేద్‌లో యోసేఫ్ కారో రాసిన షుల్హన్ ఆరుఖ్ అనే ధర్మగ్రంథం 1565లో వెనిస్‌లో అచ్చయింది. పేరుకు అర్థం వడ్డనకు సిద్ధం చేసిన బల్ల. పోలండ్‌లోని క్రాకోలో మోషె ఇస్సర్లెస్ అది చూసి, మా ఐరోపా ఆచారాలు ఇందులో లేవే అని తన చేర్పులు రాసి వాటికి బల్లగుడ్డ అని పేరు పెట్టాడు. ఆ బల్లా ఈ గుడ్డా ఈనాటికీ కలిపే అచ్చవుతాయి. ఎవరి బల్ల దగ్గర కూర్చున్నావు అన్నదాన్ని బట్టి అన్నం.

లెక్కల_మాస్టారు
పంచాంగం సంగతి నాకు వదిలేయండి. వాళ్లదీ మనలాగే చాంద్రసౌరమానం. పంతొమ్మిదేళ్లలో ఏడు అధికమాసాలు. మనకు అధికమాసం వేర్వేరు నెలలకు రావచ్చు, సంక్రాంతి లేని చాంద్రమాసం ఏదో చూసి నిర్ణయిస్తాం. వాళ్లకు ఎప్పుడూ ఒకే చోట, అదార్ నెల రెండుసార్లు వస్తుంది. తద్దినం కూడా తిథి ప్రకారమే, దాన్ని యార్ట్‌సైట్ అంటారు, ఇరవై నాలుగు గంటలు వెలిగే కొవ్వొత్తి పెడతారు. మామూలు ఏడాదిలో అదార్‌లో పోయిన మనిషికి అధికమాసం వచ్చిన ఏడాది ఏ అదార్‌లో పెట్టాలన్నదే చిక్కు.

పాతపుస్తకాల_అంగడి
కారో రెండోదన్నాడు, ఇస్సర్లెస్ మొదటిదన్నాడు. రెండింట్లోనూ పెట్టేవాళ్లూ ఉన్నారు.

నీలి_గరిటె
మాస్టారూ, ఇది చదివాక లేచి సవ్తా దగ్గరకు వెళ్లాను. ఆవిడ భర్త పోయింది అదార్ నెలలోనే, మామూలు ఏడాదిలో. ఈ ఏడు అదార్లు రెండు. సబాకు దీపం ఎప్పుడు అని అడిగాను. నాకు ఈ సంగతి ఎలా తెలిసిందని ఆశ్చర్యపోయారు. మా ఊరి మాస్టారు చెప్పారన్నాను. మీ ఊళ్లో మీ నాన్నకు ఎలా చేస్తారు అని ఎదురు అడిగారు. తిథి, అధికమాసం, పిండాలు, కాకి పిలుపు అన్నీ నాకు వచ్చిన హీబ్రూలో చెప్పాను. కాకి కోసం ఎంతసేపు ఆగుతారు అని అడిగారు. వచ్చేదాకా అన్నాను.

సొరుగు తీసి చూపించారు. ఒక్క కొవ్వొత్తే ఉంది, చిన్న డబ్బాలో ఉండే రకం. వాళ్ల పుట్టింట్లో మొదటి అదార్‌లోనే పెట్టేవారట. పెళ్లయ్యాక అత్తగారింట్లో రెండింట్లోనూ పెట్టడం చూసి అదే పట్టుకున్నారట. గరిటె నిన్న మరిగే నీళ్లలో ముంచి తీశాను, నీలి టేపు ఊడిపోతే కొత్తది చుట్టాను. ఇప్పుడు రెండో కొవ్వొత్తి కొనడానికి దుకాణానికి వెళ్తున్నాను, మూసేలోపల.